రేసుకి రమ్మంటే వెళ్లు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం. జనవరిలో అమెరికాలోని షార్లెట్ వచ్చాను, బ్యాంకులో కాంట్రాక్టు ఉద్యోగం. మా మేనేజర్ అమెరికన్, యాభై ఏళ్లు దాటినాయన. మే నెలాఖరులో కోకాకోలా 600 కార్ల రేసుకి తనతో రమ్మంటున్నాడు. రూమ్మేట్లేమో ఈ రేసులు జరిపే నాస్కార్ సంస్థ పని అయిపోయింది, జనం చూడటం మానేశారు, దాన్ని నడిపేవాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు, ఆ డబ్బులు దాచుకో అంటున్నారు. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. వెళ్లాలా? వెళ్తే ఏం మాట్లాడాలి?

జవాబు: వెళ్లు తమ్ముడూ. మీ రూమ్మేట్లు చెప్పినదాంట్లో సగం నిజమే, దాని గురించి కింద రాస్తాను. కానీ వాళ్లిచ్చే సలహా వినకు. నేను 2005లో ఇదే ఊరికి వచ్చి, ఇలాంటి పిలుపునే కాలదన్నుకుని, రెండేళ్లు పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఒక్కణ్ణే అన్నం తిన్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అప్పట్లో మా ఆఫీసులో సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర నిన్నటి రేసు తప్ప వేరే మాట ఉండేది కాదు. నాకు తెలిసిన రేసు టీవీలో షూమాకర్ నడిపే ఫార్ములా వన్ ఒక్కటే. మా టీములో ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరు, టికెట్ ఒకటి మిగిలింది వస్తావా అని అడిగారు. 'గుండ్రంగా ఎడమవైపు తిరుగుతూనే ఉంటారు కదా, అందులో చూడ్డానికేముంది' అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కప్పు తీసుకుని తన సీటుకి వెళ్లిపోయారు. ఆ తర్వాత రేసుకే కాదు, భోజనానికి కూడా నన్నెవరూ పిలవలేదు. వీసా టెన్షన్, డబ్బు టెన్షన్ ఎలాగో గడిచిపోతాయి. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా మనల్ని పేరు పెట్టి పిలిచే మనిషి లేకపోతే మాత్రం తట్టుకోవడం కష్టం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ 'ఏం చేస్తున్నావురా' అంటుంది, అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

నేనన్న మాట ఎంత తప్పో తర్వాత తెలిసింది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా వైపు ఎడ్ల పందేలు జరిగేచోట నిలబడి 'రెండు ఎద్దులు బండ లాగుతాయి, అంతేగా' అని బయటివాడెవడైనా అంటే మనకెలా ఉంటుంది? ఇక్కడివాళ్లకి ఈ రేసులు అలాంటివే. నాస్కార్ సంస్థ పుట్టింది ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో, 1948లో. కానీ ఇప్పుడు కప్ సిరీస్‌గా పిలిచే, నాస్కార్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీల్లో మొట్టమొదటి రేసు 1949 జూన్‌లో జరిగింది ఇదే షార్లెట్‌లో, మట్టి ట్రాక్ మీద. ఈ రోజుకీ పెద్ద జట్ల షెడ్లు కాంకర్డ్, హంటర్స్‌విల్, మూర్స్‌విల్ చుట్టుపక్కలే ఉన్నాయి. నీ అపార్ట్‌మెంట్‌లో పైన ఉండే కుర్రాడు ఏదో ఒక జట్టులో టైర్లు మార్చేవాడు కావచ్చు. నాకు అలాంటివాళ్లు ఇద్దరు తెలుసు.

2007లో పట్టుదలకి పోయి ఒక్కణ్ణే వెళ్లాను. అన్నిటికన్నా చవక టికెట్ కొన్నాను, అది కంచె దగ్గరి కింది వరస. దగ్గరగా కూర్చుంటే బాగా కనిపిస్తుందనుకున్నాను. ఆ ట్రాక్ చుట్టుకొలత మైలున్నర. కింద కూర్చుంటే మనముందు నుంచి దూసుకుపోయే రంగులు తప్ప ఆవలి వైపు ఏం జరుగుతోందో తెలియదు. టైర్ల రబ్బరు ముక్కలు వచ్చి మీద పడ్డాయి. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, రెండు రోజులు హోరు తగ్గలేదు. రేసు 600 మైళ్లు, అంటే 400 చుట్లు. సాయంత్రం ఆరింటికి మొదలైతే రాత్రి బాగా పొద్దుపోతుంది. తిండి లోపలికి రానివ్వరేమోనని ఏమీ పట్టుకెళ్లలేదు, అక్కడి ధరలు చూసి ఏమీ కొనలేదు. పైగా రంగులు బాగున్నాయని 24 నంబరు టోపీ కొని పెట్టుకున్నాను. అది జెఫ్ గోర్డన్ అనే డ్రైవర్ కారు నంబరు. నా చుట్టూ ఉన్నది మరో డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ మనుషులు, ఆయన 3 నంబరు చొక్కాలవాళ్లు. ఎర్న్‌హార్ట్ 2001లో నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న డేటోనా 500 రేసు ఆఖరి చుట్టులో గోడకి గుద్దుకుని చనిపోయాడు. ఆయన అభిమానులకి గోర్డన్ అంటే పడదు. నాలుగు గంటలసేపు నాతో ఒక్కరూ మాట్లాడలేదు. కాబట్టి టోపీలు, చొక్కాలు కొనకు. ముందు ఎవరు ఎవరి మనిషో తెలుసుకో.

2009లో కాంకర్డ్‌లో అద్దెకి దిగాక నా రోజులు మారాయి. పక్కింటాయనకి అప్పటికే అరవై దాటాయి, భార్య పోయింది. నా గడ్డి కోసే మిషన్ చెడిపోతే తనే వచ్చి బాగుచేశాడు. మే నెలలో, తన తమ్ముడు ఒంట్లో బాగాలేక రాలేకపోతున్నాడు, ఆ సీట్లో కూర్చుంటావా అని అడిగాడు. ఈసారి మాట జారలేదు. ఆ ఆదివారం వాన ఆగలేదు, రేసు సోమవారానికి వాయిదా పడింది. పార్కింగ్‌లో ఆయన ట్రక్కులో కూర్చుని నేను తెచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం. అన్నదమ్ములిద్దరూ ఇరవై ఏళ్లకి పైగా అవే రెండు సీట్లలో కూర్చుంటున్నారని ఆ రోజే చెప్పాడు. మర్నాడు మళ్లీ వెళ్లాం. 227 చుట్ల తర్వాత మళ్లీ వాన పడి రేసు ఆపేశారు. మిగతావాళ్లు టైర్లకి, పెట్రోలుకి పక్కకి వెళ్తే ట్రాక్ మీదే ఉండిపోయిన డేవిడ్ రూటిమన్ గెలిచాడు. అదెందుకు తెలివైన పనో ఆయన నాకు వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. ఈ దేశంలో నాకు మొదటి స్నేహం ఆ వానలో దొరికింది.

ఇక ఆట దిగజారింది అనే మాట. నిజమే. 2006లో డేటోనా 500ని టీవీలో సగటున కోటి తొంభై లక్షల మందికి పైగా చూస్తే, 2025లో చూసినవాళ్లు డెబ్భై లక్షలు కూడా లేరు. దీనికి ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. 2008 తర్వాత పెట్రోలు, హోటళ్ల ఖర్చులు, ఉద్యోగాలు పోవడం అందరికీ తెలిసినవే. నేను మాత్రం మా పక్కింటాయన లెక్కనే నమ్ముతాను. నార్త్ విల్క్స్‌బరో ట్రాక్‌ని 1996తో వదిలేశారు, రాకింగ్‌హామ్‌ని 2004తో వదిలేశారు. సెప్టెంబరులో లేబర్ డే సెలవు నాటి డార్లింగ్టన్ రేసుని ఎత్తి కాలిఫోర్నియాకి పట్టుకెళ్లారు. పెద్ద ఊళ్లలో కొత్త జనం వస్తారని పాత ఊళ్లని దూరం చేసుకున్నారు. 2004లో ఛాంపియన్‌ని తేల్చే పద్ధతి మార్చారు, 2014లో మళ్లీ మార్చారు, 2017లో ఒక్కో రేసునే విడివిడి భాగాలుగా ముక్కలు చేశారు. ఏడాదంతా బాగా నడిపినవాడు చివరి ఒక్క రేసులో ఓడితే టైటిల్ పోయేది. ఇక గోర్డన్, టోనీ స్టీవర్ట్, ఎర్న్‌హార్ట్ కొడుకు వరసగా మూడేళ్లలో తప్పుకున్నారు. షార్లెట్‌లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ 2010లో తెరిచినప్పుడు లక్షల్లో వస్తారని అంచనాలు వేశారు, మొదటి ఏడాది మూడు లక్షలు కూడా దాటలేదు. ఆ ఏడాదే మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. నాన్న టైర్ మార్చే ఆటలో కాసేపు సంబరపడ్డారు. హాలంతా ఖాళీగా ఉంది.

2014 ప్రాంతంలో మన ట్రాక్‌లో వెనక వైపు గ్యాలరీ నుంచి వేల సీట్లు తీసేశారు. అన్నదమ్ముల సీట్లు అందులోనే ఉండేవి. అప్పటికి తమ్ముడు చనిపోయి ఏడాదిన్నర. వేరే చోట సీట్లిస్తామని ఉత్తరం వచ్చింది. ఆయన ఆ ఉత్తరం నాకు చూపించి మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ట్రాక్‌కి రాలేదు. జనం తగ్గారని టీవీలో అంకెలు చెప్తుంటే నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

నాస్కార్‌ని నడిపే పెద్దల సంగతికొస్తే, ఇది తాత పెట్టిన కొట్టు. బిల్ ఫ్రాన్స్ మొదలుపెట్టాడు, కొడుకు 1972 నుంచి పెంచాడు, మనవడు బ్రయన్ ఫ్రాన్స్ 2003లో అందుకున్నాడు. మార్పులు చాలావరకు అతని కాలంలో వచ్చినవే. 2018 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో తాగి కారు నడుపుతూ అరెస్టయ్యాడు, పదవి వదిలాడు. బాబాయి జిమ్ ఫ్రాన్స్ వచ్చి కూర్చున్నాడు. (వీసా మీద ఉన్నవాళ్లకి అలాంటి అరెస్టు ఎంత ప్రమాదమో నీకు తెలిసే ఉంటుంది, రూల్స్ లాయర్ని అడుగు. రేసు నుంచి వచ్చేటప్పుడు తాగనివాడే బండి నడపాలి.) తర్వాత జట్లకీ సంస్థకీ డబ్బు పంచుకునే దగ్గర చెడింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైఖేల్ జోర్డాన్, డ్రైవర్ డెనీ హామ్లిన్‌ల 23ఎక్స్‌ఐ జట్టు, ఫ్రంట్ రో జట్టు కలిసి 2024 అక్టోబరులో ఇదే షార్లెట్ ఫెడరల్ కోర్టులో కేసు వేశాయి. 2025 డిసెంబరులో విచారణ నడుస్తుండగానే రాజీ కుదిరింది, ప్రతి రేసులో చోటు ఖాయం చేసే చార్టర్లు జట్లకి శాశ్వతమయ్యాయి. కానీ ఈలోగా లోపలి సందేశాలు బయటపడ్డాయి. ఎర్న్‌హార్ట్ కారు యజమాని రిచర్డ్ చిల్డ్రెస్‌ని పై స్థాయిలో ఉన్న స్టీవ్ ఫెల్ప్స్ కించపరుస్తూ రాసినవీ అందులో ఉన్నాయి. 2026 జనవరిలో ఫెల్ప్స్ తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. అదే నెలలో ఛాంపియన్‌ని తేల్చడానికి పాత పాయింట్ల లెక్కకి దగ్గరగా ఉండే పద్ధతిని తిరిగి తెచ్చారు. ఆ సందేశాల గురించి మా పక్కింటాయన అన్నది ఒక్కటే, 'మా గురించి వాళ్లు అనుకునేది ఇదన్నమాట'.

అందుకని మీ మేనేజర్‌తో కోర్టు కేసు నువ్వు ఎత్తకు. మీ ఆట పడిపోయిందట కదా అని అస్సలు అనకు. మొదటిసారి ఎవరితో వచ్చారు, ఎక్కడ కూర్చునేవారు అని అడుగు చాలు. మిగతా మూడు గంటలు ఆయనే మాట్లాడతాడు. మీ దగ్గర రేసులుంటాయా అంటే 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు గురించి చెప్పు, మరుసటి ఏడాది రద్దయిన సంగతి కూడా చెప్పు. వాళ్లకి అర్థమవుతుంది.

టికెట్ ఆయనే ఇస్తానంటే ఒకసారి డబ్బులిస్తానని అడుగు, వద్దంటే పట్టుబట్టకు. నువ్వే కొనాల్సి వస్తే పై వరసలో కొను. తిండి, నీళ్లు లోపలికి తీసుకెళ్లొచ్చు, సంచి ఎంత ఉండాలో ట్రాక్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పులిహోర ఇద్దరికి సరిపడా పట్టుకెళ్లు, మిరపకాయలు తగ్గించి. పెరుగన్నం వద్దు, ఆ ఎండకి పులిసిపోతుంది. డ్రైవర్ల రేడియో మాటలు వినే స్కానర్ అద్దెకి దొరికితే తప్పకుండా తీసుకో.

2025 నుంచి ఈ రేసు మామూలు ఛానల్లో రావట్లేదు, అమెజాన్ ప్రైమ్‌లో వస్తోంది. కిందటేడు ఆదివారం మధ్యాహ్నం మా పక్కింటాయన ఫోన్ చేసి, రేసు ఏ ఛానల్లోనూ లేదు, ఏం చేయాలో తెలియట్లేదన్నాడు. వెళ్లి ఆయన టీవీలో పెట్టిచ్చి, రాత్రి దాకా పక్కనే కూర్చున్నాను. ఈ ఏడూ ఆయన ఇంట్లోనే చూస్తాను, అందుకే ట్రాక్ దగ్గర నేను నీకు కనిపించను. చెవులకి పెట్టుకునే మఫ్‌లు నా దగ్గర రెండు జతలున్నాయి. కాంకర్డ్ వైపు వచ్చినప్పుడు ఒకటి తీసుకెళ్లు, కొనకు.