నాన్నగారికి ట్రైనర్ కావాలంటే

నాన్నగారికి 58 ఏళ్లు, బీపీ, మోకాళ్ల నొప్పి, విజయనగరంలో ట్రైనర్‌ని ఎలా ఎంచుకోవాలని అడిగారు కదండీ. కండలు చూసి ఎంచుకోకండి. వేసుకునే మాత్రల గురించి, పాత దెబ్బల గురించి మొదటిరోజే అడగని వాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు. మా అమ్మ చేత ఒకాయన తొలిరోజే 30 గుంజీలు తీయించాడు. మోకాలు వాచిపోయి, వారం పాటు గోడ పట్టుకుని మెట్లు దిగింది. తర్వాత దొరికినావిడ కుర్చీలో కూర్చుని లేవమంది, అంతే. పక్కనే నిలబడి, మోకాలు లోపలికి వాలుతోందా అని చూసింది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ సంగతి చెబుతున్నారో లేదో గమనించండి. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడకండి. ఏడాది ఫీజు ముందే కట్టొద్దు, నెలకి చాలు. ఈలోగా డాక్టర్‌ని ఓ మాట అడిగి, అయోధ్యా మైదానంలో మెల్లగా నడిపించండి.