డ్యూటీ వేరు, సేవ వేరా?

ప్రశ్న: మాది చీరాల. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. చర్చిలో పాటలకు, సండేస్కూలుకు ప్రాణం పెడతాను. వార్డులో బెడ్లు సర్దడం, వైటల్స్ (నాడి, బీపీ, శ్వాస లాంటివి) రాయడం అంటే మాత్రం మనసు నిలవదు. చదువు మానేసి పూర్తికాల దైవసేవకు వెళ్దామంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు.

జవాబు: అమ్మా, ఆదివారం దేవునికి, మిగతా వారమంతా కాలేజీకి అని నువ్వే పంచేసుకున్నావు. కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23లో ‘మనస్ఫూర్తిగా చేయుడి’ అన్నది ఎవరితోనో పై వచనం చూడు. దాసులతో! పేరూ జీతమూ లేని ఇంటిచాకిరీ చేసేవాళ్లతో. రాసిన పౌలు కూడా డేరాలు కుట్టి బతికినవాడే.

వార్డులో మనస్ఫూర్తిగా చేయడమంటే ఎలా ఉంటుందో శ్వాస లెక్కలో, అంటే రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టడంలో చూడు. చాలామంది లెక్కపెట్టకుండానే 18 అనో 20 అనో వేసేస్తారు, లేదా చార్టులో పైనున్న అంకెనే దించేస్తారు. ఎవరూ అడగరు. కానీ రోగి పరిస్థితి దిగజారేటప్పుడు, బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరగడం తరచూ కనిపిస్తుంది. ఆ హెచ్చరికను నువ్వు వేసిన 18 కప్పేస్తుంది. నాడి చూశాక మణికట్టు వదలకుండా, ఛాతీ లేచి పడటం గమనిస్తూ నిండు నిమిషం లెక్కపెట్టు. శ్వాస చూస్తున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీసుకునే తీరే మారిపోతుంది, అందుకే చెయ్యి వదలొద్దనేది. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే, ఒక్కటి తప్పినా నాలుగు తేడా. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. 25 వచ్చిందా, రాసి ఊరుకోకుండా స్టాఫ్ నర్సుకు అప్పుడే చెప్పు. నా దృష్టిలో ఆ నిమిషం ఆరాధనే.

మనసు నిలవకపోవడానికి భాష కూడా కారణమేమో చూసుకో. రోగి కన్నడంలో చెప్పేది అర్థం కాకపోతే మంచం నంబరే గుర్తుంటుంది, మనిషి గుర్తుండడు. ‘ఎల్లి నోవు?’ (నొప్పి ఎక్కడ?), ‘ఊట ఆయ్తా?’ (భోజనం అయిందా?) లాంటివి వారానికి పది నేర్చుకో. వార్డు ఆయాలను అడుగు, సంతోషంగా నేర్పుతారు.

మనస్ఫూర్తిగా చేయమన్నారని వరసగా రెండు షిఫ్టులు లాగకు. నిద్రలేమితో మందు డోసు తప్పుతుంది. రోగి కోరకుండా మంచం పక్కన ప్రార్థన మొదలుపెట్టొద్దు. ఆరాధన కోసం డ్యూటీ ఎగ్గొట్టకు, రోస్టర్ వేయకముందే ఇన్‌చార్జి సిస్టర్‌ను ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు అడుగు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం హాజరుండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన.

ఇక పూర్తికాల సేవ. వేలూరులో మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ 1909లోనే నర్సింగ్ శిక్షణ మొదలుపెట్టారు. మిషన్ ఆసుపత్రుల్లో నర్సు పనిని సేవగానే చూస్తూ వచ్చారు. నాలుగేళ్లూ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకున్నాక అలాంటి చోటికి వెళ్లాలా, బైబిల్ కాలేజీకా అన్నది నాన్నగారితో కూర్చుని మాట్లాడు. ఇప్పుడే మానేస్తే రిజిస్ట్రేషన్ ఉండదు, మిషన్ ఆసుపత్రిలోనైనా నిన్ను నర్సుగా తీసుకోరు.