పాత కార్డుకు ఎన్ని చుక్కలు, ఎన్ని రంగులు

హనుమకొండ

బిడ్డా,

నీ విండోస్ 98 కంప్యూటర్ల తెరకు 1024×768 చుక్కలు పెట్టంగనే రంగులు 256కు పడిపోతున్నయట. ఏదీ చెడిపోలేదు. తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే కార్డుల 1 ఎంబీ మెమరీనే ఉన్నది, అందుకే.

అడ్డం చుక్కలను నిలువు చుక్కలతోని గుణించు, ఒక్కో చుక్కకు పట్టే బైట్లతోని మళ్ల గుణించు. 256 రంగులకు 1 బైటు, 16 బిట్లకు (65 వేల పైచిలుకు రంగులు) 2, 24 బిట్లకు (కోటీ అరవై లక్షల పైచిలుకు) 3. 1024×768 అంటే 7,86,432 చుక్కలు. 16 బిట్లకైతే 15,72,864 బైట్లు. 1 ఎంబీ అంటే 10,48,576 బైట్లే, ఎట్ల పడతది? 800×600కు దిగితే 16 బిట్లకు 9,60,000 సరిపోతయి. నేనైతే అదే పెడత. 256 రంగులల్ల రామప్ప గుడి ఫోటో తెరువు, ఆకాశం పట్టీలు పట్టీలుగ కనిపిస్తది. ఎస్3 ట్రియో64 వంటి కార్డులల్ల కొన్నిటికి ఖాళీ సాకెట్లుంటయి. అదే రకం మెమరీ చిప్పులు పెట్టి 2 ఎంబీ చేస్తే 1024×768ల 16 బిట్లు వస్తయి.

640×480, 16 రంగులు తప్ప ఇంకేం చూపకపోతే మాత్రం మెమరీని అనుమానించకు, కార్డును నడిపించే సాఫ్ట్‌వేరు, అదే డ్రైవరు, పడలేదన్నట్టు. కార్డు మీది పెద్ద చిప్పు పేరు చదివి దానిదే వెయ్యి.

కార్డు ఇచ్చినంత మాత్రాన నీ ట్యూబు మానిటరు తట్టుకోదు. 1024×768 బొమ్మ 60 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు 60 సార్లు గీసుకుంట, నడవాలంటే అడ్డగీతల వేగం (హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ) 48 కిలోహెర్ట్జ్ దాకా కావాలె, 75 హెర్ట్జ్‌లకైతే 60 కిలోహెర్ట్జ్. 800×600కు 60 హెర్ట్జ్‌ల 38 చాలు, కానీ కండ్లు గుంజుతయి. 75 పెడితే 47 కావాలె. మానిటరు పుస్తకంల హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ ఎంతున్నదో చూసినంకనే ముట్టు. దాటితే బొమ్మ చీలికలైతది, సన్నగ ఈల వినిపిస్తది. వెంటనే స్విచ్చి ఆపు, లేకుంటే లోపలి ట్రాన్సిస్టరు కాలొచ్చు. తర్వాత కంప్యూటరు మొదలైతున్నప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌ల (తక్కువ చుక్కలతోని తెరుచుకునే పద్ధతిల) పాత సెట్టింగు పెట్టు. సెట్టింగు మార్చంగనే తెర నల్లగైతే ఏ మీటా నొక్కకు, 15 సెకన్లల దానంతట అదే వెనక్కి వస్తది. మానిటరు డబ్బా మాత్రం విప్పకు. ప్లగ్గు పీకినా పిక్చర్ ట్యూబుల వేల వోల్టులు నిలిచే ఉంటయి.

17 అంగుళాల ఎల్‌సీడీ కొందామనుకుంటున్నవేమో. అసొంటి వాటిల చాలా మటుకు సొంత కొలత 1280×1024 చుక్కలు. 256 రంగులకే 13,10,720 బైట్లు, నీ కార్డు మెమరీని దాటిపోయింది. 800×600ను సాగదీసి చూపిస్తే అక్షరాలు మసకబారుతయి. ఆ కార్డు ఉన్నన్ని రోజులు ట్యూబు మానిటరే ఉంచుకో.

మీ పెద్దబాపు