గీత కింది వరుసలోకి ఎందుకు జారుతుంది?

ప్రశ్న: మా తాతగారి డైరీలను పుస్తకంగా వేద్దామని యూనికోడ్‌లో టైపు చేస్తున్నాను. మాటల మధ్య పెట్టిన గీత ఒక్కోచోట కింది వరుస మొదట్లోకి పోతోంది. సంవత్సరాల మధ్య ఎన్ డాష్ (హైఫన్ కన్నా కాస్త పొడుగు గీత) పెట్టాలని ఎవరో చెబితే అదే పెట్టాను. ‘1942–’ పైన ఉండిపోయి ‘44’ కింద పడుతోంది. ఇలాంటివి సాఫ్ట్‌వేరే చూసుకోవద్దా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చూసుకోవాలండీ. ప్రూఫులు దిద్దే మాలాంటివాళ్లం ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది అదే.

మొదటి దానికి కారణం గీత కాదు, దాని ముందు మీరిచ్చిన స్పేస్. స్పేస్ కనిపిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ అక్కడ వరుస తెంపేస్తుంది. కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి స్పేస్‌బార్ కొట్టండి. వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ అది తెగని స్పేస్ అవుతుంది. గీత ముందు అదీ, తర్వాత మామూలుదీ ఉంటే గీత పై మాటను వదలదు. నన్నడిగితే ఈ ఏర్పాటు డిఫాల్టుగానే ఉండాలి. గీత ముందు తెగకూడదు, తర్వాత తెగొచ్చు. సంభాషణ మొదట్లోనో, పద్యం కింద కవి పేరు ముందో పెట్టే గీతకు దీనివల్ల ఇబ్బంది లేదు. అక్కడ పేరానే గీతతో మొదలవుతుంది కదా.

రెండోది మాత్రం తమాషా. వరుస ఎక్కడ తెగొచ్చో యూనికోడ్ వాళ్లు ఒక నియమావళి రాసిపెట్టారు. దాని ప్రకారం కీబోర్డు మీది మామూలు హైఫన్‌కు రెండువైపులా అంకెలుంటే అక్కడ తెగకూడదు. అదే ఎన్ డాష్ అయితే దాని తర్వాత తెగొచ్చు. అంటే శ్రద్ధగా పెట్టినవాళ్లకే శిక్ష! ఇంకా పొడుగైన ఎమ్ డాష్‌కైతే ముందూ వెనకా రెండుచోట్లా తెగే వీలుంది. స్పేస్ లేకపోయినా అది కిందికి జారగలదు. అంకెల మధ్య ఏ గీతైనా కదలకూడదని డిఫాల్టు పెడితే ఎవరికీ నష్టం లేదు. అందాకా మీరు 1942-44 అని హైఫన్‌తోనే కొట్టేయండి, తెలుగు పాఠకులు ఏమీ అనుకోరు. ఫోన్ నంబర్లలాంటి చోట ఇంకా అనుమానంగా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, హైఫన్ కలిపి నొక్కండి, తెగని హైఫన్ వస్తుంది. కొన్ని ఫాంట్లలో ఆ గుర్తు ఉండదు, గీత వేరే ఫాంటులోంచి వచ్చి సన్నగానో లావుగానో కనబడుతుంది. ప్రింటు తీసి చూసుకోండి.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. మాటల మధ్య అటూ ఇటూ స్పేస్ ఇచ్చి హైఫన్ కొడితే వర్డ్ తనంతట తనే దాన్ని డాష్ చేస్తుంది. అడగని ఆ సాయం మానేసి, ఉన్న గీతను సరైన చోట నిలబెడితే అదే పదివేలు.

మీరు అడగలేదు గానీ, డైరీలంటున్నారు కాబట్టి ‘స్వాతంత్ర్యోద్యమం’ లాంటి మాటలు చాలానే తగులుతాయి. వరుస చివర దాన్ని ‘స్వాతం’ దగ్గర విరిస్తే బాగానే ఉంటుంది. ‘స్వాతంత్ర్యోద్య’ దాకా పైన ఉంచి ‘మం’ ఒక్కదాన్నీ కిందికి తోస్తే చదివేవాడు తడబడతాడు. ఇక ‘త్ర్యో’ను చీల్చడం ఏ సాఫ్ట్‌వేరూ చేయకూడని పని. యూనికోడ్ రాకముందు ఫాంట్లతో కట్టిన పేజీల్లో ఇది జరిగేది. ఆ ఫాంట్లలో మన ఒత్తులన్నీ సాఫ్ట్‌వేర్ కంటికి ఇంగ్లిష్ అక్షరాలో, కామాలో, కొటేషన్ గుర్తులో! ఇంగ్లిష్ లెక్కన తెంపేసేది. అందుకే పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో హైఫనేషన్ (వరుస చివర మాటను విరవడం) టిక్కు తీసేయడం డీటీపీ వాళ్లకు అలవాటైపోయింది. మీ పుస్తకానికీ అది తీసేసే ఉంచండి. మాటల మధ్య ఖాళీలు మరీ పెద్దవైతే జస్టిఫై (రెండు అంచులూ సమం చేయడం) కూడా వదిలేసి ఎడమవైపు అలైన్ చేయండి.

‘రూ.’కీ ‘500’కీ మధ్య, ‘డా.’కీ పేరుకీ మధ్య కూడా ఆ తెగని స్పేసే.

ఎక్కడ తేడా వచ్చినా ఎంటర్ కొట్టి మాత్రం సరిచేయకండి. రేపు ప్రెస్సువాళ్లు ఫాంటు సైజు ఒక్క పాయింటు మార్చారంటే ఆ ఎంటర్లన్నీ పేజీ నడుమ సగం వరుసలై తేలతాయి, మళ్లీ మొదటి పేజీ నుంచి వెతుక్కోవాలి.