ప్లగ్‌లో కరెంట్ రాకపోతే సీడీఐ కొనే ముందు ఒక వైరు ఊడదీయండి

ప్లగ్ మార్చాను, దానికి ఎక్కువ వోల్టేజీ అందించే హెచ్‌టీ కాయిల్ మార్చాను, అయినా నా పాత డర్ట్ బైక్‌లో స్పార్క్ రావడం లేదు, ఇక స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె సీడీఐ కూడా మార్చమంటారా అని మీరు అడిగారు. మార్చవద్దు. సీడీఐ పెట్టె నుంచి కిల్ స్విచ్‌కు (ఇంజనును ఆపే స్విచ్, కొన్ని బళ్లలో తాళమే ఆ పని చేస్తుంది) వెళ్లే వైరును ఊడదీసి, ఒకసారి కిక్ కొట్టి చూడండి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. పాత బళ్లలో కరెంట్ ఆగిపోయిందంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు వైరుదో ఎర్త్‌దో (కరెంట్ ఫ్రేము ద్వారా తిరిగి వెళ్లే దారి) అయి ఉంటుంది తప్ప పార్టుది కాదని నా గట్టి నమ్మకం. ఎంతమంది మెకానిక్కులు కాదన్నా నేను ఈ మాట మార్చుకోను.

ఈ నమ్మకం నాకు ముందు నుంచే ఉన్నా, 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ను ముంచెత్తిన తరువాత అది మరింత బలపడింది. మా బావమరిదికి ఒక యమహా ఆర్ఎక్స్ 100 బైక్ ఉంది. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆ బండికి ముళ్ల టైర్లు, ఎత్తు మడ్‌గార్డు వేయించి, ఫ్రేమంతా గీకించి మందపాటి రంగు కొట్టించి, కొండపల్లి వైపు మట్టి దారుల్లో తిప్పుకొనేవాడు. వరదలో అది ట్యాంకు దాకా మునిగి కొన్ని రోజులు అలాగే ఉండిపోయింది. నీరు తీసిన తరువాత అతడు చేయవలసినవన్నీ సక్రమంగానే చేశాడు: ట్యాంకులో పెట్రోలు పారబోశాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, గేర్ ఆయిల్ మార్చాడు, సిలిండర్‌లో చేరిన నీటిని కిక్ కొట్టి బయటికి తోడాడు. ఇంజను పట్టేయలేదు కానీ ప్లగ్‌లో కరెంట్ మాత్రం రాలేదు.

ఆ వారాల్లో ఊళ్లో ఏ మెకానిక్ షెడ్డు ముందు చూసినా బురద పట్టిన బళ్లు వరుస కట్టి ఉండేవి. దొరికిన మెకానిక్ మొదట ప్లగ్ మార్చాడు, తరువాత కాయిల్, ఆ తరువాత సీడీఐ. బిల్లు పెరిగింది, ఫలితం లేదు. చివరికి మ్యాగ్నెట్ (ఇంజనుతో పాటు తిరిగి కరెంట్ పుట్టించే అయస్కాంత చక్రం) లోపలి కాయిల్ కాలిపోయిందనీ, దాన్ని చుట్టించాలనీ తేల్చాడు. ఇన్ని మాటలు చెప్పినవాడు ఒక్కసారైనా కరెంట్ కొలిచే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోలేదు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట వేయడమంటే ఇదే. అప్పుడు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి మా ఇంటికి తెచ్చారు.

వెలుతురులో స్పార్క్ సరిగా కనబడదు కనుక షట్టర్ సగం దించి, విప్పిన ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒంటిని సిలిండర్ హెడ్ రెక్కకు గట్టిగా ఆనించి కిక్ కొట్టాం. ఏమీ లేదు. (ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా ఉంచాలి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, ప్లగ్‌ను గాలిలో వేలాడదీసి కిక్ కొడితే సీడీఐకే ప్రమాదం.) హెచ్‌టీ వైరు నుంచి ప్లగ్ క్యాప్‌ను మర తిప్పి ఊడదీసేసరికి, లోపలి ఇత్తడి మేకు చుట్టూ గోధుమ రంగు నీటి చుక్క ఒకటి ఇంకా నిలిచి ఉంది. వైరు చివర రాగి పోగులు పచ్చగా చిలుము పట్టాయి. ఆ చివరను ఒక సెంటీమీటరు మేర కత్తిరించి కొత్త క్యాప్ బిగించాం. అప్పటికీ రాలేదు. సీటు ఎత్తి, సీడీఐ కప్లర్ (వైర్లు కలిసే జోడింపు) దగ్గర నలుపు మీద తెల్ల గీత ఉన్న కిల్ వైరును ఊడదీసి మళ్లీ కిక్ కొట్టగానే టక్‌మని శబ్దంతో స్పార్క్ పడింది.

దీని వెనుక మర్మమేమీ లేదు. ఇటువంటి బళ్లలో ప్లగ్ కరెంట్‌కు బ్యాటరీతో పని లేదు. మ్యాగ్నెట్ తిరిగినప్పుడు దాని లోపలి సోర్స్ కాయిల్‌లో పుట్టిన కరెంట్ సీడీఐలో కరెంట్ నిల్వ చేసే కండెన్సర్‌ను రెండు మూడు వందల వోల్టుల వరకు నింపుతుంది. స్పార్క్ పడవలసిన సమయం తెలిపే పల్సర్ కాయిల్ సైగ ఇచ్చిన క్షణంలో అది హెచ్‌టీ కాయిల్‌లోకి ఒక్కసారిగా దూకి వేల వోల్టులుగా మారి ప్లగ్ దగ్గర మెరుస్తుంది. తాళం ఆఫ్ చేసినప్పుడు జరిగేదల్లా ఆ నలుపు తెలుపు వైరు బాడీ ఎర్త్‌కు తగలడమే. బ్యాటరీ బళ్లకు అలవాటుపడినవారు తాళం తిప్పితే కరెంట్ వస్తుందనుకుంటారు. ఇక్కడ తాళం అడ్డు తొలగిస్తుంది, అంతే. కనుక స్విచ్ లోపల తడి, బురద చేరినా, ఆ వైరు తొడుగు ఫ్రేముకు రాసుకొని చిరిగినా, బండి తనంతట తాను ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది. వైరు రంగు కంపెనీని బట్టి మారవచ్చు కాబట్టి, మీ బండి వైరింగ్ పటం చూసుకొని ఊడదీయండి.

"బావా, స్టార్టవుతుంది కదా, ఈ వైరు ఇలాగే వదిలేద్దాం" అన్నాడు మా వాడు. చాలామంది అలాగే వదిలేస్తారు కూడా, గేరులో ఉంచి బ్రేకు నొక్కి ఇంజను ఆపుకుంటూ తిరుగుతారు. మట్టి దారిలో తిరిగే బండికి ఇది ఎంతమాత్రం తగదు. యాక్సిలరేటర్ కేబుల్ పట్టేసిన రోజున చేతికి అందే దిక్కు కిల్ స్విచ్ ఒక్కటే. అందుచేత తాళం స్విచ్ అడుగు పలకను విప్పించాను. లోపల బుడమేరు ఒండ్రు ఎండి గట్టిపడి, రాగి రేకుల మధ్య సందులన్నీ పూడిపోయి ఉన్నాయి. పెట్రోలుతో బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి, రేకులను సన్న ఎమెరీ కాగితంతో రుద్ది బిగించాం. వైరు తిరిగి తగిలించినా స్పార్క్ నిలిచింది.

అయితే ఆ స్పార్క్ నారింజ రంగులో నీరసంగా ఉంది, నాకు కావలసింది నీలం. ట్యాంకు తీసి చూస్తే, మెకానిక్ వేసిన కొత్త కాయిల్ మా వాడు ముచ్చటపడి కొట్టించిన రంగు మీదనే బోల్టుతో కూర్చొని ఉంది. ఆ కాయిల్‌కు ఎర్త్ అందేది ఆ బోల్టు ద్వారానే. బోల్టు కింద రంగును లోహం మెరిసేదాకా గీకి బిగించాక నీలపు స్పార్క్ వచ్చింది. అందంగా రంగులు కొట్టేవారు ఎర్త్ బోల్టుల చోట్ల టేపు అంటించాలన్న ఆలోచన ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. వాటర్ సర్వీసు వారు సీటు కిందికి, తాళంలోకి ప్రెషర్ గన్ పెట్టి కొట్టడం కూడా ఇటువంటి జబ్బులకు మరొక మూలం. వరద రాని పేటల్లో బుడమేరు చేయవలసిన పని వారే చేస్తున్నారు.

కిల్ వైరు తీసినా మీకు స్పార్క్ రాకపోతే అప్పుడు మల్టీమీటర్ పట్టుకోండి. సోర్స్ కాయిల్‌కు సాధారణంగా కొన్ని వందల ఓమ్‌లు చూపాలి. మీ మోడల్‌కు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఏమీ చూపకపోతే తీగ తెగినట్టు. అప్పుడు పుల్లర్ అనే ఊడదీసే పనిముట్టుతో మ్యాగ్నెట్ తీయించండి, సుత్తితో కొట్టనివ్వకండి. మీది సీడీఐ లేని ఇంకా పాత బండి అయి, రాజ్‌దూత్ లేదా ఎజ్డీల మాదిరిగా పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే లోహపు కొనలు) ఉంటే, వాటి ముఖాలు శుభ్రం చేసి సందు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూడండి. మన బెజవాడ ఉక్కపోతలో కొన్ని నెలలు కదలకుండా నిలబడిన బండికి పాయింట్ల మీద పొర కట్టడం మామూలే.

పార్టులు మార్చి చూద్దామనే పద్ధతి మీద నాకింత కోపం ఉండటానికి కారణం, ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల షాపుకు వెళ్లినా కనిపించే బోర్డు: ఎలక్ట్రికల్ వస్తువులు వాపసు తీసుకోబడవు. అంటే మెకానిక్ ఊహ తప్పినప్పుడల్లా డబ్బు పోయేది మీది. పైగా ఆర్ఎక్స్ మీద మోజు పెరిగిన కొద్దీ నకిలీ సీడీఐలు అసలు డబ్బాల్లో వస్తున్నాయి, కాబట్టి మంచిది తీసి పాడుది వేయించుకొనే అవకాశమూ ఉంది. మా వాడి బండిలోంచి తీసేసిన పాత సీడీఐని మెకానిక్ దగ్గర నుంచి అడిగి తెప్పించి వేసి చూస్తే దానితోనూ అదే నీలపు స్పార్క్ వచ్చింది, ఇప్పుడు బండి నడుస్తున్నది దానితోనే. మీ పాత కాయిల్‌ను పారేయకుండా ఉంచారనుకుంటాను. కిల్ వైరు పరీక్ష అయిన తరువాత దాన్ని కూడా ఒకసారి తగిలించి చూడండి.