1810 నాటిదని అమ్మాడు, నిజమేనా?

ప్రశ్న: కేఆర్ మార్కెట్ దగ్గర సండే బజార్‌లో ఒక పాత పెట్టె కొన్నానండీ. చెక్క పిడి ఉన్న సన్నటి ఉలులు కొన్ని, పైన రెండు దవడలున్న బరువైన ఇనుప గుండు ఒకటి ఉన్నాయి. ఒక ఉలి మీద 18-10 అని ఉంటే, 1810లో చేసిందని చెప్పి గట్టిగానే లాగాడు. ఇంకోదాని మీద వెస్ట్ జర్మనీ అని ఉంది. అన్నీ తుప్పే, గ్రైండర్ పట్టించనా? - ఓ పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: ఇవి లోహం మీద చెక్కుడు పని చేసే ఉలులు, గ్రైండర్ జోలికి మాత్రం పోకండి. ఉక్కు వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు, పైగా వయసు చెప్పే ముద్రలే ముందు అరిగిపోతాయి. కిరసనాయిల్‌లో నానబెట్టి, సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దితే చాలు.

ఇక 1810 సంగతి. అది ఏడాది కాదండీ, సైజు! అలాంటి ఉలిని లైనర్ అంటారు, ఒక్క తోపుకి పక్కపక్కనే చాలా గీతలు పడతాయి, 18 అనేది గీతల మధ్య ఎడానికి గుర్తు, 10 అంటే పది గీతలు. నమ్మకం లేకపోతే మొనని సబ్బు మీద కొంచెం తోసి, భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోండి. ఆ అమ్మినాయనకి తెలిసే చెప్పాడో తెలియకే చెప్పాడో గానీ, నంబర్ చూసి వయసు కట్టకూడదు. వెస్ట్ జర్మనీ అన్న ముద్ర మాత్రం నిజంగా కాలం చెబుతుంది, ఎందుకంటే ఆ దేశం ఉన్నది 1949 నుంచి 1990 దాకానే. పిడి పుట్టగొడుగులా ఉండి కిందివైపు చదునుగా చెక్కి ఉంటే కంగారు పడకండి, ఉలి లోహానికి దగ్గరగా వాలడానికి అలా చేస్తారు. పొట్టిగా ఉన్నా లోపమేం కాదు, పనివాళ్లు తమ అరచేతికి సరిపడా కోసుకునేవాళ్లు.

నాకైతే మీ పెట్టెలో అసలు సరుకు ఆ గుండే అనిపిస్తోంది. అది చెక్కుడు పనివాళ్ల బాల్ వైస్, అంటే చెక్కే వస్తువుని దవడల మధ్య బిగించి పట్టేది. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి తోలు రింగు మీద పెట్టి ఎటైనా వంచొచ్చు, పై భాగం గిర్రున తిరుగుతుంది, వంపు గీత వచ్చినప్పుడు కుడిచేత్తో ఉలి తోస్తూ ఎడంచేత్తో వైస్‌ని ఉలి వైపు తిప్పుతారు. స్క్రూ తిప్పి చూడండి: రెండు దవడలూ కలిసి మధ్యకి రావాలి. ఒకటే కదిలితే మరలో మురికి పట్టి ఉంటుంది, లేదా అరిగి ఉంటుంది. దవడల పైన చిన్న చిన్న చిల్లులు ఉంటాయి, వాటిలో పిన్నులు పెట్టి ఉంగరాల్లాంటి వంకర వస్తువుల్ని పట్టిస్తారు. ఆ పిన్నులు పెట్టె అడుగున చెత్తలో ఉన్నాయేమో వెతకండి, పారేయకండి.

ప్రశ్న: మా తాతయ్య కంసాలి పని చేసేవారు. ఆయన చీరణాలకి (చిన్న ఉలులకి) పిడి లేదు, తలలు చితికి ఉన్నాయి. పాడైపోయినట్టేనా? - ఓ పాఠకురాలు, సౌకార్‌పేట, చెన్నై

జవాబు: లేదమ్మా, అవి అరచేత్తో తోసేవి కావు, సుత్తితో కొట్టేవి, అందుకే తల చితికింది. మొన పదునుగా ఉంటే లోహాన్ని కోసి తీసేది, మొద్దుగా నున్నగా ఉంటే నగిషీ పనిది, అది లోహాన్ని తీయదు, కింద లక్క ఆసరాతో నొక్కి పక్కకి జరుపుతుంది. దాచుకోవడానికైతే తలలు అలాగే ఉంచండి. వాడేటట్టయితే అంచున చీలిన రేకులు తీయించాలి, దెబ్బ పడ్డప్పుడు ఎగిరి కంట్లో పడతాయి.