కార్డు మీద లేని పదో వచనం

వందనాలు బ్రదర్. రక్షణ పొంది ఐదేళ్లయినా, ఆదివారం తప్పకుండా మందిరానికి వెళ్తున్నా, యూట్యూబ్‌లో ఒక్కొక్కరూ ఒక్కోలా బోధిస్తుంటే ఏది సరైనదో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. పైగా సభలకు వచ్చిన ఒక సేవకుడు మీ తలమీద చెయ్యి పెట్టి, ఉద్యోగం మానేసి సేవకు రమ్మని దేవుడు చెప్తున్నాడని ప్రవచించారట. అది దేవుని మాటేనా, ఆత్మీయంగా ఎదగడం అంటే అసలేమిటి అని అడిగారు. నేను పాస్టర్‌ని కాను, బైబిల్ కాలేజీలో చదవలేదు. కానీ సరిగ్గా ఇక్కడే నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. డిగ్రీ, బీఈడీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా మందిరంలో స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు, అంటే ఒక్కో బైబిల్ వచనం అచ్చువేసిన కార్డులు, బోర్లించి పెడతారు, తలా ఒకటి తీసుకుంటాం. ఆ ఏడు నాకు యిర్మీయా 29:11 వచ్చింది. గులాబీపువ్వు బొమ్మ మీద "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని ఉంది. ఎంత సంతోషపడ్డానో. ఫిబ్రవరిలో ఉజ్జీవ సభలకు వచ్చిన ఒక సేవకుడు నాకు ప్రార్థన చేస్తూ, "రెండేళ్లు తిరగకుండా గవర్నమెంట్ కుర్చీలో కూర్చుంటావు" అన్నారు. కార్డూ ఆయన మాటా కలిశాయి కదా, ఇక నాకు అనుమానమే లేకపోయింది. స్కూలు మానేసి కోచింగ్‌కని విజయవాడలో హాస్టల్లో చేరాను. ఫీజు కోసం అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టారు.

రెండేళ్లు తిరిగాయి, ఉద్యోగం రాలేదు. అంతకన్నా బాధపెట్టింది, నీలో విశ్వాసం తక్కువైందని ఒకరిద్దరు అనడం. దేవుడు అబద్ధమాడడు కాబట్టి లోపం నాలోనే ఉందనుకుని నెలల తరబడి ఏడ్చాను. ఆ ప్రవచనం చెప్పినవాళ్లని పరీక్షించవచ్చన్న ఊహే నాకు రాలేదు.

మా సంఘంలో ఒక మామ్మగారు ఉండేవారు. చదివింది ఐదో తరగతి. బైబిల్ చదివేటప్పుడు వేలు లైను కింద పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవారు. ఆ వేలు జరిగిన చోటల్లా కాగితం నల్లబడి ఉండేది. ఒక రోజు నా కార్డు ఆవిడ చేతిలో పెట్టి, దేవుడు నాకెందుకిలా చేశాడని అడిగాను. కళ్లద్దాలు సర్దుకుని చదివి, "అమ్మాయ్, ఇది పదకొండో వచనం. మరి పదో వచనం ఎక్కడుంది?" అన్నారు.

బైబిల్ తీశాం. పదో వచనంలో, డెబ్బై సంవత్సరాలు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి, మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోకండి అని పైనే ఉంది. వెంటనే ఇంటికి వచ్చేస్తారని ఎక్కడా లేదు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే కన్నుమూసి ఉంటారు. ఆ మాట ఇచ్చింది అలాంటి జనానికి.

"ఇప్పుడు ముందు అధ్యాయం చదువు" అన్నారు మామ్మగారు. 28వ అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త ఉన్నాడు. దేవుని మందిరంలో, యాజకుల ముందు నిలబడి, యెహోవా సెలవిస్తున్నాడు అంటూనే మొదలుపెట్టాడు. బబులోను రాజు కాడి విరిగిపోయింది, రెండు సంవత్సరాలలోగా మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయన్నాడు. బబులోను రాజుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి తీసి విరగ్గొట్టి చూపించాడు కూడా. రెండు సంవత్సరాలు అన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. నాకు చెప్పిందీ అదే గడువు. ఆ వేళ యెరూషలేములో నేనుంటే తప్పకుండా హనన్యా వైపే ఉండేదాన్ని. యిర్మీయా కూడా మొదట "ఆమేన్, యెహోవా ఆలాగున చేయునుగాక" అన్నాడు చూడండి. ఆ మంచి జరగాలని ఆయనకూ ఉంది. కానీ తన కోరికను దేవుని మాటగా ప్రకటించలేదు. వివేచన, అంటే ఏది దేవుని మాటో ఏది కాదో తేల్చుకోవడం, ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది అక్కడే. నాకు ఇష్టమైన మాట వినబడినప్పుడే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఎదగడం గురించి. హెబ్రీ పత్రిక 5లో పసివాళ్లకు పాలు, ఎదిగినవాళ్లకు బలమైన ఆహారం అన్న మాట మీకు తెలిసే ఉంటుంది. 14వ వచనంలో, వయస్సు వచ్చినవారికి అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు "సాధకముచేయబడిన" జ్ఞానేంద్రియాలు ఉంటాయని ఉంది. సాధకం అన్న మాట మనకు సంగీతం దగ్గర బాగా తెలుసు. పాడేవాళ్లు తెల్లవారుజామున లేచి అవే స్వరాలు వందసార్లు అంటారు. కొన్నేళ్లకు శ్రుతి కాస్త తప్పినా చెవికి తెలిసిపోతుంది. వివేచన కూడా అలాగే వస్తుందని నా అనుభవం. ఒక సభలో, ఒక రాత్రిలో ఎవరో చెయ్యి పెడితే దిగిరాదు. మామ్మగారికి తప్పుడు బోధల జాబితా ఏమీ తెలియదు. నలభై ఏళ్లుగా వాక్యం మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్లీ మొదలుపెట్టేవారు. అందుకే ముక్క తెగిన చోటు ఆవిడకు ఇట్టే కనబడింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్న అలవాటు ఒక్కటే: ఏ వచనం విన్నా దాని పైదీ కిందదీ చదవడం, ఎవరికి, ఎందుకు చెప్పారో చూడటం. బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిన సంగతుల్నే ప్రతిదినం లేఖనాల్లో పరిశోధించి చూశారు, అపొస్తలుల కార్యములు రాసిన లూకా వాళ్లని ఘనులన్నాడు. అపొస్తలుడి మాటనే పరీక్షించినప్పుడు యూట్యూబ్ బోధకుణ్ణి పరీక్షిస్తే పాపమేమీ రాదు.

అయితే ఆ తర్వాత నేను ఇంకో గుంటలో పడ్డాను, అదీ చెప్పాలి. ప్రతి ప్రసంగానికీ పెన్సిలు పట్టుకుని కూర్చుని తప్పులు రాసుకునేదాన్ని. ఏడాదిపాటు ఏ పాటా, ఏ ప్రార్థనా నా హృదయాన్ని తాకలేదు. మామ్మగారు ఫిలిప్పీ 1:9 చూపించారు. పౌలు అక్కడ వివేచన కోసం ప్రార్థిస్తూ "మీ ప్రేమ" తెలివితోను అనుభవజ్ఞానముతోను కూడి అభివృద్ధి పొందాలని అడుగుతాడు. పెరగాల్సింది ప్రేమ. నా కొలతలో అసలు లేనిది అదే. మా తోడికోడలితో రెండేళ్లుగా మాటల్లేవు. ఆ వారం వెళ్లి మాట్లాడాను. ప్రసంగంలో తప్పు పట్టడం కన్నా అది చాలా కష్టమైంది.

మీ ప్రవచనం విషయానికొస్తే, మనసులో సమాధానంగా ఉంది కాబట్టి దేవుని చిత్తమే అనిపిస్తోందని చివర్లో రాశారు. ఆ ఒక్కదాని మీద ఆధారపడకండి. యోనా దేవునికి దూరంగా పారిపోతూ, తుఫానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. అలాగని ప్రవచనాన్ని తీసిపారేయనూ వద్దు. నిర్లక్ష్యం చేయకుడి అన్న వాక్యం పక్కనే, సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి అని ఉంది (1 థెస్స 5:20, 21). "ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను" అని కొరింథీయులకు రాశాడు పౌలు. ఆ తక్కినవారు మీ విషయంలో ఎవరు? మీ సంఘ పెద్దలు, మీ భార్య, మీ కోపమూ మీ అప్పులూ తెలిసినవాళ్లు. వాళ్లెవరికీ చెప్పకుండా రాజీనామా పంపకండి. నిజంగా సేవకు పిలుపైతే, ఇప్పుడున్న ఊళ్లోనే సండే స్కూలు పిల్లలకు చెప్పడం, జబ్బుపడ్డవాళ్లను చూసి రావడం ఒక ఏడాది చేయండి. దేవుని పిలుపు ఏడాది ఆగితే చెడిపోదు. తొందరపెట్టేవాళ్లు ఉంటే ఎందుకు తొందరపెడుతున్నారో నెమ్మదిగా అడగండి.

ఈ రాత్రి వీలైతే ఫోన్ పక్కన పెట్టి యిర్మీయా 27, 28, 29 ఒకే విడతలో చదవండి, అరగంట పట్టదు. చదివాక మీకేమనిపించిందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.